ఎర్నెస్ట్ కాడ్మన్: ఏడాది తర్వాత రోగి ఎలా ఉన్నారని అడిగి పదవులు పోగొట్టుకున్న సర్జన్

భుజం పట్టేసి చేయి పైకి లేవకపోతే దాన్ని ఫ్రోజెన్ షోల్డర్ అంటారని ఇప్పుడు చాలామందికి తెలుసు. ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లుంటే ఆ మాట మరీ పరిచయం. ఆ పేరు పెట్టింది అమెరికాలోని బోస్టన్ నగరానికి చెందిన సర్జన్ ఎర్నెస్ట్ అమోరీ కాడ్మన్. 1934లో భుజం గురించి తాను రాసిన పుస్తకంలో ఆయన ఈ మాట వాడారు.

భుజం దగ్గర చేయి విరిగినప్పుడు ఎక్స్‌రే చూసి ఎముక ఎన్ని ముక్కలైందో డాక్టర్లు లెక్కపెడతారు. ఆ లెక్కకు మూలం కూడా అదే పుస్తకం.

కాడ్మన్ జీవితాన్ని కుదిపేసింది మాత్రం ఒక మామూలు ప్రశ్న. ఆపరేషన్ చేయించుకున్న రోగి ఏడాది తర్వాత ఎలా ఉన్నారు? బాగుపడకపోతే దానికి కారణం ఏంటి? ఈ రెండు విషయాలనూ ప్రతి ఆసుపత్రీ రాసిపెట్టాలని, బయటకు చెప్పాలని ఆయన పట్టుబట్టారు. దానివల్ల పదవులు పోయాయి, స్నేహితులు దూరమయ్యారు, ప్రాక్టీసు దెబ్బతింది.

ఆయన చనిపోయిన 75 ఏళ్లకు, అదే ప్రశ్నను అదే భుజం ఎముక విషయంలో బ్రిటన్ డాక్టర్లు పెద్ద ఎత్తున అడిగి చూశారు. వచ్చిన జవాబు చాలామంది సర్జన్లను ఆలోచనలో పడేసింది.

మత్తుమందు మీద పందెం

కాడ్మన్ 1869 డిసెంబర్ 30న బోస్టన్‌లో కలిగిన కుటుంబంలో పుట్టారు. హార్వర్డ్‌లో చదివి 1895లో వైద్య పట్టా అందుకున్నారు. మెదడు శస్త్రచికిత్సకు ఆద్యుల్లో ఒకరిగా తర్వాతి కాలంలో పేరు తెచ్చుకున్న హార్వీ కుషింగ్ ఆయనకు సహాధ్యాయి, మిత్రుడు.

ఆ రోజుల్లో ఆపరేషన్ సమయంలో రోగికి ఈథర్ ఇచ్చే పని వైద్య విద్యార్థులకు అప్పగించేవారు. వాళ్లకు దానిలో శిక్షణ దాదాపు ఉండేది కాదు. కుషింగ్ మత్తు ఇచ్చిన ఒక రోగి చనిపోయారు. ఆ ఘటన ఇద్దరినీ కలచివేసింది. ఎవరు మత్తు బాగా ఇస్తారో చూద్దామని ఇద్దరూ పందెం వేసుకున్నారు. ఓడినవారు గెలిచినవారికి డిన్నర్ ఇవ్వాలి.

పందెంలో గెలుపోటములు తేలాలంటే లెక్క ఉండాలి. అందుకని ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ రోగి నాడి, శ్వాస ఎలా ఉన్నాయో కొద్ది నిమిషాలకోసారి కాగితంపై గుర్తించడం మొదలుపెట్టారు. 1894లో మొదలైన ఆ ఈథర్ చార్టులే ఈ రోజు ప్రతి ఆపరేషన్ థియేటర్‌లో కనిపించే మత్తుమందు రికార్డుకు తొలి రూపం.

చేసిన పనిని రాసిపెట్టుకోవడం, రాసినదాన్ని ఇంకొకరి లెక్కతో పోల్చుకోవడం కాడ్మన్‌కు అలా విద్యార్థి దశలోనే అలవాటైంది.

ఎక్స్‌రే నుంచి భుజం దాకా

1895 చివర్లో జర్మనీలో రాంట్‌జెన్ ఎక్స్‌రేలను కనుగొన్నారు. బోస్టన్‌లో వాటిని మొదట వాడినవారిలో కాడ్మన్ ఒకరు. విరిగిన ఎముకల కంటే ముందు ఆరోగ్యంగా ఉన్న కీళ్లు ఎక్స్‌రేలో ఎలా కనిపిస్తాయో ఆయన శ్రద్ధగా పరిశీలించారు. మామూలు స్థితి తెలిస్తేనే తేడా కనిపెట్టగలమన్నది ఆయన పద్ధతి.

మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో సర్జన్‌గా పని చేస్తూ ఆయన భుజంపై దృష్టి పెట్టారు. అప్పట్లో భుజం నొప్పి అంటే వాతమనో, నరాల బాధ అనో చెప్పి పంపేయడం మామూలు. భుజం ఎముకల మధ్య ఉండే జిగురు సంచి గురించి, చేతిని పైకి లేపడానికి సాయపడే సుప్రాస్పైనేటస్ అనే కండరం గురించి ఆయన వివరంగా రాశారు. ఈ కండరాన్ని ఎముకతో కలిపే స్నాయువు తెగిపోవడం వల్లే చాలామంది కూలీలు చేయి ఎత్తలేకపోతున్నారని గుర్తించారు. 1909లో ఆపరేషన్ చేసి తెగిన స్నాయువును కుట్టారు. 1911లో ఆ వివరాలు ప్రచురించారు. ఇప్పుడు క్రికెటర్లకు తరచూ జరిగే రొటేటర్ కఫ్ ఆపరేషన్ల చరిత్రలో ఇది తొలి మెట్లలో ఒకటి.

ముందుకు వంగి, చేతిని గడియారం లోలకంలా వేలాడదీసి నెమ్మదిగా ఊపే వ్యాయామం ఫిజియోథెరపీకి వెళ్లిన చాలామందికి తెలిసే ఉంటుంది. దానికీ కాడ్మన్ పేరే ఉంది.

ప్రతి రోగికీ ఒక కార్డు

1910 వేసవిలో కాడ్మన్ లండన్ వెళ్లారు. ఫిలడెల్ఫియాకు చెందిన సర్జన్ ఎడ్వర్డ్ మార్టిన్‌తో కలిసి గుర్రపు బండిలో వెళ్తూ తన ఆలోచనను వివరించారు. దానికి ఆయన ఎండ్ రిజల్ట్ ఐడియా అని పేరు పెట్టుకున్నారు. అంటే అంతిమ ఫలితం చూడటం.

పద్ధతి చాలా తేలిక. ఆసుపత్రిలో చేరిన ప్రతి రోగికీ ఒక చిన్న కార్డు ఉంటుంది. రోగి బాధ ఏంటి, డాక్టర్ ఏ జబ్బు అనుకున్నారు, ఏ చికిత్స చేశారు, ఇంటికి వెళ్లేలోపు ఏ ఇబ్బందులు వచ్చాయి అన్నవి దానిపై రాస్తారు. ఏడాది తర్వాత రోగిని పిలిపించి మళ్లీ చూస్తారు. అనుకున్న ఫలితం రాకపోతే కారణం రాస్తారు. లోపం డాక్టర్ నైపుణ్యంలో ఉందా, నిర్ణయంలో ఉందా, జబ్బును గుర్తించడంలో ఉందా, పరికరాల్లో ఉందా? లేక ఎవరూ నయం చేయలేని జబ్బా? చికిత్స వద్దని రోగే అన్నారా?

సొంత ఆసుపత్రి పెట్టి దీన్ని ఆచరణలో చూపించాలని 1911లో ఆయన బోస్టన్‌లోని పింక్నీ వీధిలో కొద్దిపాటి పడకలతో ఒక ఆసుపత్రి తెరిచారు. 1911 నుంచి 1916 వరకు అక్కడి నుంచి డిశ్చార్జ్ అయిన 337 మంది వివరాలను అచ్చు వేయించారు. వాటిలో 123 పొరపాట్లను తనే లెక్కగట్టి, ఏది ఏ రకం పొరపాటో వర్గీకరించారు. తన చేతి తప్పు వల్ల రోగి ప్రాణం పోయిన సందర్భాలను కూడా దాచలేదు. ఆ పుస్తకాన్ని సొంత డబ్బుతో వేయించి ఇతర ఆసుపత్రులకు పంపారు. మిగతావాళ్లూ తమ లెక్కలు బయటపెడతారని ఆశించారు. అది జరగలేదు.

బొమ్మతో రేగిన దుమారం

మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో పదోన్నతులు సీనియారిటీ ప్రకారం జరిగేవి. ఎవరి ఆపరేషన్లు ఎలా ఫలించాయో చూసే పద్ధతి లేదు. దీనికి నిరసనగా కాడ్మన్ 1914లో రాజీనామా చేశారు. ఆ వెంటనే, తన ఫలితాలు మిగతావారికంటే మెరుగని లెక్కలు చూపిస్తూ, తనను ప్రధాన సర్జన్‌గా నియమించాలని దరఖాస్తు పెట్టారు. యాజమాన్యం పట్టించుకోలేదు.

అప్పటికి ఆయన బోస్టన్‌లోని స్థానిక వైద్య సంఘంలో శస్త్రచికిత్స విభాగానికి అధ్యక్షుడు. ఆ హోదాలో 1915 జనవరి 6న ఆసుపత్రుల సామర్థ్యంపై ఒక సభ ఏర్పాటు చేశారు. నగర మేయర్ జేమ్స్ కర్లీని, పని పద్ధతుల నిపుణుడిగా పేరున్న ఇంజినీర్ ఫ్రాంక్ గిల్‌బ్రెత్‌ను పిలిచారు. సభ చివర్లో ఎనిమిది అడుగుల పొడవున్న ఒక వ్యంగ్య చిత్రం మీది తెర తీశారు.

ఆ బొమ్మలో ఒక నిప్పుకోడి ఇసుకలో తల దూర్చి ఉంటుంది. అది బోస్టన్‌లోని సంపన్నులకు గుర్తు. తనకు జరుగుతున్న వైద్యం ఎలాంటిదో చూడకుండా, వెనుక నిల్చున్న డాక్టర్ల వైపు బంగారు గుడ్లు తన్నుతూ ఉంటుంది. నిజం తెలిస్తే ఈ పక్షి గుడ్లు పెట్టడం మానేస్తుందేమోనని ఆసుపత్రి ట్రస్టీలు, హార్వర్డ్ అధ్యక్షుడు మథనపడుతుంటారు.

సభలో గగ్గోలు లేచింది. వార్త పత్రికలకెక్కింది. వైద్య సంఘంలో అధ్యక్ష పదవి పోయింది. హార్వర్డ్‌లో బోధన ఉద్యోగం పోయింది. తోటి డాక్టర్లు ఆయన దగ్గరకు రోగులను పంపడం తగ్గించేశారు. కాడ్మన్ మాట తీరు కూడా శత్రువులను పెంచింది. విషయం నిజమైనా, నిండు సభలో పెద్దలను బొమ్మ గీసి వెక్కిరించడం ఆయన పక్షాన ఉన్నవారికీ మింగుడుపడలేదు.

తగలబెట్టిన జాబితా

1913లో ఏర్పడిన అమెరికన్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ ఆసుపత్రుల ప్రమాణాలపై ఒక కమిటీ వేసి, మొదట్లో కాడ్మన్‌నే అధ్యక్షుడిగా పెట్టింది. బొమ్మ గొడవ తర్వాత ఆయన తప్పుకున్నా పని ఆగలేదు. కాకపోతే అంతిమ ఫలితం అన్న అసలు షరతు పక్కకు పోయి, సరైన రికార్డులు, ప్రయోగశాల, ఎక్స్‌రే లాంటి కనీస ప్రమాణాలు మిగిలాయి.

ఆ కనీస ప్రమాణాలతోనే వందకు పైగా పడకలున్న 692 ఆసుపత్రులను పరిశీలిస్తే 89 మాత్రమే గట్టెక్కాయి. తప్పినవాటిలో దేశంలో పేరుమోసిన ఆసుపత్రులూ ఉన్నాయి. 1919లో న్యూయార్క్‌లోని ఒక హోటల్‌లో సమావేశమైన పెద్దలు ఆ జాబితా పత్రికల చేతికి చిక్కకుండా అక్కడి కొలిమిలో తగలబెట్టించారు.

ఆ పని మాత్రం ముందుకు సాగి, 1951లో ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్‌గా మారింది. ఇవాళ హైదరాబాద్‌లో కొన్ని కార్పొరేట్ ఆసుపత్రులు గోడకు తగిలించుకునే జేసీఐ గుర్తింపు పత్రం ఆ సంస్థ అంతర్జాతీయ విభాగం ఇచ్చేదే.

ఇంతలో 1917 డిసెంబర్‌లో కెనడాలోని హాలిఫాక్స్ రేవులో మందుగుండు ఓడ పేలి దాదాపు 2,000 మంది చనిపోయారు. కాడ్మన్ అక్కడికి వెళ్లి సహాయక చర్యల్లో పాల్గొన్నారు. తర్వాత సైన్యంలో వైద్యుడిగా పని చేశారు. సొంత ఆసుపత్రి మూతపడింది.

1920లో ఆయన ఎముక క్యాన్సర్ రోగుల వివరాలతో ఒక రిజిస్ట్రీ మొదలుపెట్టారు. దేశం నలుమూలల నుంచి ఎక్స్‌రేలు, కణజాల నమూనాలు తెప్పించి, ఏ చికిత్స తర్వాత ఎవరు ఎన్నాళ్లు బతికారో నమోదు చేయించారు. క్యాన్సర్ కాని గడ్డలకు కూడా కాళ్లు తీసేస్తున్న ఉదంతాలు అలా బయటపడ్డాయి. భారత్‌లో ఐసీఎంఆర్ 1981లో క్యాన్సర్ రిజిస్ట్రీల కార్యక్రమం మొదలుపెట్టడానికి అరవయ్యేళ్ల ముందు మాట ఇది.

నాలుగు ముక్కల లెక్క

1934లో కాడ్మన్ తన భుజం పుస్తకాన్ని సొంతంగా వేయించుకున్నారు. వైద్య గ్రంథంలో ఎవరూ చేయని పని చేస్తూ, దాని ముందుమాటలో తన జీవితకథ చెప్పుకున్నారు. తన ఆదాయం ఏ ఏడాది ఎంతో గ్రాఫ్ గీసి మరీ చూపించారు.

ఆ పుస్తకంలోనే భుజం దగ్గర ఫ్రాక్చర్లపై ఒక అధ్యాయం ఉంది. మోచేతి నుంచి భుజం వరకు ఉండే జబ్బ ఎముకను డాక్టర్లు హ్యూమరస్ అంటారు. దాని పైభాగం చిన్నతనంలో ఒకే ముక్కగా ఉండదు. గుండ్రటి తల, ఒక పెద్ద బుడిపె, ఒక చిన్న బుడిపె వేర్వేరుగా పెరిగి కాలక్రమంలో కింది కాడతో అతుక్కుంటాయి. వయసు మళ్లాక పడినప్పుడు ఎముక అడ్డదిడ్డంగా పగలదని, చాలావరకు ఈ పాత అతుకుల వెంబడే చీలుతుందని కాడ్మన్ గమనించారు. తల, రెండు బుడిపెలు, కాడ. మొత్తం నాలుగు ముక్కలు.

ఈ లెక్క వల్ల ఎక్స్‌రేలో గజిబిజిగా కనిపించేదానికి ఒక అర్థం వచ్చింది. బుడిపెలకు రొటేటర్ కఫ్ కండరాలు అతుక్కుని ఉంటాయి. ఏ బుడిపె విడిపోతే ఏ కండరం దాన్ని ఎటు లాగుతుందో ఊహించవచ్చు. తలకు రక్తం తెచ్చే నాళాలు ఈ ముక్కల పక్కనుంచే వెళ్తాయి కాబట్టి, ముక్కలు ఎక్కువై దూరంగా జరిగినకొద్దీ తల చచ్చుబడే ప్రమాదం పెరుగుతుంది.

న్యూయార్క్ సర్జన్ చార్లెస్ నీర్ ఈ లెక్కను అందిపుచ్చుకున్నారు. తల బాగా దెబ్బతిన్నవారికి 1950ల్లో ఆయన లోహంతో చేసిన తలను అమర్చారు. 1970లో కాడ్మన్ నాలుగు ముక్కలకు ఒక కొలత జోడించారు. ముక్క 1 సెంటీమీటర్‌కు మించి జరిగినా, 45 డిగ్రీలకు మించి తిరిగినా దాన్ని విడిపోయిన ముక్కగా లెక్కించాలన్నారు. రెండు ముక్కలు, మూడు ముక్కలు, నాలుగు ముక్కల ఫ్రాక్చర్ అంటూ మన ఊళ్లలో ఆర్థోపెడిక్ సర్జన్లు ఇప్పటికీ వాడే భాష ఇదే.

ఆ తర్వాత ఆపరేషన్ సాధనాలు వేగంగా మారాయి. 1980ల్లో ఫ్రాన్స్‌లో పాల్ గ్రామాంట్ గిన్నె స్థానంలో బంతిని, బంతి స్థానంలో గిన్నెను పెట్టే రివర్స్ భుజం కీలు రూపొందించారు. 2000 తర్వాత, గుల్లబారిన ఎముకలోనూ పట్టు ఇచ్చే లాకింగ్ ప్లేట్లు వచ్చాయి. ఆపరేషన్లు పెరిగాయి.

జవాబు వచ్చింది

ఆపరేషన్ చేయించుకున్నవారు, చేయించుకోనివారికంటే నిజంగా బాగున్నారా? బ్రిటన్‌లోని ఆసుపత్రులు కలిసి ప్రోఫర్ అనే పరీక్షలో దీన్ని తేల్చే ప్రయత్నం చేశాయి. భుజం దగ్గర ఎముక విరిగి ముక్కలు జరిగిన 250 మందిని, సగటు వయసు 66 ఏళ్లు, రెండు వర్గాలుగా చేశారు. ఒక వర్గానికి ప్లేటు వేయడమో, కృత్రిమ తల పెట్టడమో చేశారు. రెండో వర్గానికి చేతికి స్లింగ్ కట్టి, తర్వాత ఫిజియోథెరపీ ఇచ్చారు. రెండేళ్లపాటు వారిని గమనించారు.

2015లో ఫలితాలు వచ్చాయి. నొప్పిలో, చేతి పనిలో రెండు వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఐదేళ్ల తర్వాత చూసినా అంతే.

ఆపరేషన్ ఎవరికీ అవసరం లేదని దీనర్థం కాదు. గూడ జారి ఎముక విరిగినా, ఎముక చర్మం చీల్చుకుని బయటికొచ్చినా, తల రెండుగా చీలినా, రక్తనాళం తెగినా ఆపరేషన్ తప్పదు. అలాంటి రోగులు ఆ పరీక్షలో లేరు. వయసులో ఉన్నవారి లెక్క కూడా వేరు. కానీ పెద్దవయసులో జారిపడి వచ్చే మామూలు ఫ్రాక్చర్లలో చాలావాటికి కత్తి పెట్టకపోయినా ఫలితం దాదాపు ఒకటేనని తేలింది. ఎక్స్‌రేలో ఎముక అందంగా అతికినట్టు కనిపించడం వేరు, రోగి జడ వేసుకోగలగడం వేరు.

డిగ్లీపూర్ లాంటి చోట

పెద్దాసుపత్రి పక్కనే ఉన్నవారికి ఇది ఒక వైద్య చర్చ. దూరాన ఉన్నవారికి ఇల్లు గుల్లయ్యే విషయం. ఉత్తర అండమాన్‌లోని డిగ్లీపూర్‌నే తీసుకుంటే, అక్కడ ఉన్నది సామాజిక ఆరోగ్య కేంద్రం. పెద్ద ఆపరేషన్ కోసం శ్రీ విజయపురంలోని (పాత పేరు పోర్ట్ బ్లెయిర్) జీబీ పంత్ ఆసుపత్రికి రావాలి. దాదాపు 300 కిలోమీటర్లు. దారిలో అడవి, జారవాల రిజర్వ్‌లో కాన్వాయ్ కోసం ఎదురుచూపులు, జలసంధి దగ్గర ఫెర్రీ. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో దాదాపు 13 శాతం మంది మాతృభాష తెలుగు. ఇంకా పెద్ద వైద్యం కావాలంటే వాళ్లు సముద్రం దాటి చెన్నైకో, విశాఖపట్నానికో రావాలి.

విరిగిన చేతితో ఓ పెద్దావిడను అంత దూరం తీసుకెళ్లాలా, స్లింగ్ కట్టి అక్కడే ఉంచాలా అన్నది ఇంట్లోవాళ్లు, స్థానిక డాక్టర్ కలిసి తీసుకోవాల్సిన నిర్ణయం. అందుకు వాళ్లకు కావాల్సింది ఒక్కటే. ఇలాంటి రోగులు ఏడాది తర్వాత ఎలా ఉన్నారు?

బ్రిటన్ లెక్క అక్కడ కొంత సాయపడుతుంది. కానీ ఫిజియోథెరపిస్ట్ దొరకని చోట స్లింగ్ ఫలితం అంతే బాగుంటుందా? ప్లేటు వేసి పంపాక కుట్లు చూపించుకోవడానికి మళ్లీ 300 కిలోమీటర్లు రాలేనివారి సంగతేంటి? దీనికి జవాబు ఆ ప్రాంతపు రోగుల కార్డుల నుంచే రావాలి. తెలుగు రాష్ట్రాల్లో పుత్తూరు కట్టు కట్టించుకున్నవారికీ, ఆరోగ్యశ్రీలో ప్లేటు వేయించుకున్నవారికీ ఇదే వర్తిస్తుంది. ఎన్ని ఆపరేషన్లు జరిగాయో, ఎంత సొమ్ము చెల్లించారో చెప్పే లెక్కలు రోగి చేయి ఎంతవరకు లేస్తోందో చెప్పవు.

పేరు రాయని సమాధి

కాడ్మన్ 1940 నవంబర్ 23న చర్మ క్యాన్సర్‌తో చనిపోయారు. బోస్టన్ పక్కనే కేంబ్రిడ్జ్‌లో ఉన్న మౌంట్ ఆబర్న్ శ్మశానవాటికలో ఆయనను ఖననం చేశారు. అక్కడ ఆయన పేరుతో రాయి పెట్టలేదు. తన ఆలోచన తను బతికుండగా నెగ్గదని, రాబోయే తరాలకే అర్థమవుతుందని ఆయన ముందే రాసుకున్నారు.

1996లో జాయింట్ కమిషన్ ఆయన పేరుతో ఒక పురస్కారం నెలకొల్పింది. ఆయన రాజీనామా చేసి వెళ్లిపోయిన మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో ఇప్పుడు శస్త్రచికిత్సల ఫలితాలను లెక్కగట్టే కేంద్రం ఒకటుంది. దాని పేరు కాడ్మన్ సెంటర్. 2014లో, ఆయన మరణించిన 74 ఏళ్లకు, సర్జన్ల సంఘాలు కలిసి ఆ సమాధిపై పేరు చెక్కిన రాయిని నిలబెట్టాయి.